కింద మొద్దుబారితే: నడుంనొప్పి వెనక మింగేసే రెండో మాట

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో డాక్టరు గదిలోకి వెళ్ళిన ఆడమనిషి నోట మొదటి మాట ‘నడుం నొప్పండీ’. దాని వెనక ఒక్కోసారి రెండో మాట ఉంటుంది: ‘కింద స్పర్శ తెలియట్లేదండీ’. పక్కన అత్తగారు కూర్చుని ఉంటారు. తలుపు సగం తెరిచి కాంపౌండరు తర్వాతి నంబరు పిలుస్తుంటాడు. ఆ రెండో మాట గొంతు దాటి రాదు. నొప్పి బిళ్ళలు రాయించుకుని ఇంటికి వచ్చేస్తుంది. ఆ మాట బయటపడి ఉంటే, కొందరి విషయంలో ఆ చీటీ మీద బిళ్ళల పేర్లకు బదులు ‘అర్జెంటు ఎంఆర్‌ఐ’ అని ఉండేది.

అందరి విషయంలోనూ కాదు. యోని చుట్టుపక్కల మొద్దుబారడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం నింపాదిగా చూపించుకోదగ్గవే, కొన్ని వాటంతటవే సర్దుకుంటాయి. ఒకటి మాత్రం గంటలు లెక్కపెట్టుకోవాల్సినది. ఏది ఏదో విడదీయడానికి మూడు సంగతులు కావాలి: సరిగ్గా ఎక్కడ మొద్దుబారింది, ఎంత వేగంగా వచ్చింది, దానితోపాటు ఒంటికి వెళ్ళడంలో ఏమైనా తేడా వచ్చిందా. మూడోదే అన్నిటికన్నా బరువైనది.

‘కింద’ అంటే ఎక్కడ?

మనం ‘కింద’ అన్న ఒక్క మాటలో అన్నీ కలిపేస్తాం. నరాల లెక్కలో అది నాలుగైదు వేర్వేరు జాగాలు. యోని అంటే లోపలి గొట్టం మాత్రమే. బయట కనిపించే పెదవులు, వాటి పైచివర చిన్న బొడిపెలా ఉండే క్లిటోరిస్, మూత్రద్వారం, యోనికీ మలద్వారానికీ మధ్య ఉండే జాగా వేరే లెక్క.

గొట్టం లోపలి మూడింట రెండు వంతుల్లో తాకితే, గుచ్చితే తెలిపే నరాలు చాలా తక్కువ. సాగినట్టు, నిండినట్టు మాత్రమే తెలుస్తుంది. ద్వారం దగ్గరి మూడోవంతులోనే స్పర్శ బాగా ఉంటుంది. ముట్టులో లోపల పెట్టుకునే మెన్‌స్ట్రువల్ కప్పు సరిగ్గా అమరితే లోపల ఉన్నట్టే తెలియకపోవడం ఇందుకే. కొత్తగా పెళ్ళైన అమ్మాయిలు ‘లోపల ఏమీ తెలియట్లేదు, నాలో ఏదో లోపముంది’ అని భయపడే సందర్భాల్లో చాలావరకు జరిగేది ఇదే. ఒంటి నిర్మాణమే అంత. బయటి భాగంలో, ద్వారం దగ్గర స్పర్శ మామూలుగా ఉంటే నరాల జబ్బు గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు.

బయటి భాగానికి స్పర్శనిచ్చే పెద్ద నరం పేరు పుడెండల్. రెండు పిరుదుల మధ్య, పైన చేతికి తగిలే బల్లపరుపు ఎముక ఉంటుంది, అదే త్రికాస్థి. దాన్నుంచి వచ్చే 2, 3, 4 నంబరు నరాలు కలిసి పుడెండల్ అవుతాయి. మనం కూర్చునేటప్పుడు నేలకు ఆనే ఎముక లోపలి అంచున ఒక ఇరుకు సొరంగంలోంచి అది ముందుకు వచ్చి, క్లిటోరిస్‌కి ఒక కొమ్మ, పెదవులకూ మధ్య జాగాకూ ఒక కొమ్మ, మలద్వారం చుట్టూ ఇంకో కొమ్మ వేస్తుంది. వెంట్రుకలుండే మెత్తటి గుట్టకీ పెదవుల పైచివరకీ మాత్రం స్పర్శ వేరే దారిన, నడుం మొదటి నరం నుంచి వస్తుంది.

ఈ మ్యాపు ఒక్కటి తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. సిజేరియన్ కుట్టు దగ్గర్నుంచి గుట్ట దాకా మొద్దుబారితే, కోతలో తెగిన చిన్న చర్మపు నరాల వల్ల అన్నమాట. ఒకపక్క పెదవి మాత్రమే మొద్దుబారితే, ఆ పక్క పుడెండల్ కొమ్మ మీదో ఆ పక్క నరమూలం (నరం వెన్నులోంచి బయల్దేరే మొదలు) మీదో అనుమానం. రెండు పక్కలా, మలద్వారం చుట్టూ, పిరుదుల లోపలి వైపు, తొడల లోపలి వెనక భాగం కలిసి, అంటే సైకిలు సీటు మీద ఆనే భాగమంతా మొద్దుబారితే, తప్పు కింద లేదు. వెన్నులో ఉంది.

ఇంట్లో తేల్చుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. శుభ్రమైన దూది ఉండని కొసదాకా లాగి పీచులా చేయండి. ముందు చెంప మీద రాసి చూసుకోండి, ఆ స్పర్శ పదికి పది. కళ్ళు మూసుకుని తొడ లోపలి భాగం, కుడి పెదవి, ఎడమ పెదవి, మధ్య జాగా, మలద్వారం చుట్టూ, పిరుదులు, ఇలా ఒక్కోచోట రాసి, పదికి ఎంత తెలిసిందో కాగితం మీద రాసుకోండి. స్టీలు చెంచాని చల్లనీళ్ళలో ముంచి అదే వరసలో ఆనిస్తే చల్లదనం తెలుస్తోందో లేదో కూడా తేలుతుంది. గుండుసూదులు వాడొద్దు. షుగరున్నవాళ్ళు అసలే వాడొద్దు. లోపల ఏదీ పెట్టి చూడొద్దు, అక్కడ స్పర్శ తక్కువగా ఉండటం మామూలే కదా.

దూది కూడా వద్దనుకుంటే ఒక్క ప్రశ్న వేసుకోండి: దొడ్డికి వెళ్ళి కడుక్కునేటప్పుడు నీళ్ళ చల్లదనం, చేతి తాకుడు ఎప్పటిలాగే తెలుస్తున్నాయా? చెంబుతో కడుక్కునే అలవాటున్న మనకి రోజూ జరిగే పరీక్ష ఇది.

ఇంకొక్క మాట తేడా. తిమ్మిరి వేరు, మొద్దుబారడం వేరు. తిమ్మిరంటే చీమలు పాకినట్టు, చురుకుచురుకుమన్నట్టు. మొద్దుబారడమంటే పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి ఉన్నట్టు. నొక్కులో ఉన్న నరం, కోలుకుంటున్న నరం తిమ్మిరిగా మాట్లాడతాయి. పూర్తిగా మొద్దుబారిందంటే నరం పలకడం మానేసిందని. డాక్టరుకి చెప్పేటప్పుడు ఈ రెంటిలో ఏదో విడదీసి చెప్పండి.

గంటలు లెక్కపెట్టాల్సిన సందర్భం

వెన్నుపాము నడుం కింది చివరిదాకా రాదు. నడుం మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణించి కిందికి నరాలు జడకుచ్చుల్లా వేలాడుతూ, ఒక్కో పూస దగ్గర ఒక్కో పోగు బయటికి వెళ్ళిపోతుంది. కుచ్చుల్లో నడిమధ్య పోగులు మూత్రాశయానివి, మలద్వారానివి, జననాంగాలవి. నడుం నాలుగు-ఐదు పూసల మధ్యో, ఐదో పూసకీ త్రికాస్థికీ మధ్యో డిస్కు (పూసల మధ్య మెత్తటి దిండు) పెద్ద ముక్కగా వెనక్కి జారితే ఈ కుచ్చులన్నీ ఒక్కసారి నలుగుతాయి. డాక్టర్ల భాషలో ఇది కాడా ఈక్వైనా సిండ్రోమ్. గర్భిణుల్లో, బరువులెత్తే పనుల్లో ఉన్నవాళ్ళలో, ఏళ్ళ తరబడి నడుంనొప్పి ఉన్నవాళ్ళలో కూడా రావచ్చు. డిస్కుతో పాటు కణితి, చీము గడ్డ, వెన్ను టీబీ, కింద పడి పూస విరగడం కూడా ఇదే పని చేయగలవు.

దీని లక్షణాలు చాలామందిలో ఒకేసారి దండెత్తి రావు. తరచు మొదట రెండు కాళ్ళలోకీ లాగుతుంది. తర్వాత సైకిలు సీటు భాగం మొద్దుబారుతుంది. మూత్రం విషయంలో మార్పు చాలా మెల్లిగా మొదలవుతుంది: పొద్దున్నుంచి వెళ్ళలేదన్న సంగతే గుర్తుకు రాదు. కూర్చున్నా ధార మొదలవడానికి ముక్కాల్సి వస్తుంది. అయిపోయిందో లేదో తెలియదు. ఈ దశలో పట్టుకుని ఆపరేషన్ చేస్తే మూత్రాశయం తిరిగి పనిచేసే అవకాశం బాగుంటుంది. మూత్రం పూర్తిగా బిగుసుకుపోయాక చేస్తే ఆ అవకాశం చాలా తగ్గిపోతుంది. నొక్కు ఎంత తొందరగా తీస్తే అంత మేలు. 48 గంటల్లోపు అని పుస్తకాల్లో చెప్పే గడువు ఆఖరి హద్దు లాంటిది, అందాకా ఆగమని కాదు.

ఇక్కడ మోసపోయే చోట్లు రెండున్నాయి. మొదటిది నొప్పి తగ్గడం. వారం రోజులుగా కాల్లోకి కరెంటు కొట్టినట్టున్న నొప్పి హఠాత్తుగా తగ్గి, ఆ చోట మొద్దుబారితే ‘పోనీలే, తగ్గింది’ అనుకుంటారు. తగ్గింది నొప్పి కాదు, నొప్పిని చెప్పే నరం గొంతు. రెండోది బొట్లు బొట్లుగా కారడం. మూత్రాశయం నిండి పొర్లితే తెలియకుండానే బట్టలు తడుస్తాయి. ‘ఒంటికి వస్తూనే ఉంది కదా’ అనుకుంటారు. లోపల లీటరు దాకా నిలిచి ఉండొచ్చు. మామూలుగా 150, 200 మిల్లీలీటర్లు నిండగానే కోరిక మొదలవ్వాలి. వెళ్ళొచ్చాక స్కాన్‌లో ఇంకా 200 మిల్లీలీటర్లకు పైగా మిగిలి ఉంటే డాక్టర్లు ఈ జబ్బును గట్టిగా అనుమానిస్తారు.

కాబట్టి సీటు భాగమంతా కొత్తగా మొద్దుబారినా, దానితో పాటు మూత్రం బిగుసుకోవడం, కారిపోవడం, దొడ్డికి వస్తున్నట్టు తెలియకపోవడం, రెండు కాళ్ళలో నొప్పి, పాదం పైకి లేవకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా రేపటి ఓపీ చీటీ కోసం ఆగొద్దు. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి వెళ్ళండి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు, మంగళగిరి ఎయిమ్స్, పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు, ఏదైనా సరే, దారిలో ఉండగానే ఫోన్ చేసి రెండు ప్రశ్నలడగండి: ఈ టైములో ఎంఆర్‌ఐ తీస్తారా? వెన్ను ఆపరేషన్ చేసే న్యూరో సర్జనో ఆర్థోపెడిక్ సర్జనో వస్తారా? రెంటిలో ఒకటి లేదంటే బండి తిప్పేయండి. గైనకాలజిస్టు అపాయింట్‌మెంటు కోసం చూడటం ఇక్కడ దారి తప్పడమే. జబ్బు తెలిసేది కింద, వైద్యం జరగాల్సింది నడుంలో.

ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి రావచ్చు, దారిలో టిఫిన్ పెట్టించకండి. ఎక్స్‌రే బాగుందంటే నరం బాగున్నట్టు కాదు, ఎక్స్‌రేలో నరం కనపడదు. ఎంఆర్‌ఐ గదిలోకి లోహం తీసుకెళ్ళనివ్వరు. మట్టెలు, పిన్నీసులు, నల్లపూసలు ఇంట్లోనే తీసేసి బయల్దేరితే అక్కడ సమయం కలిసొస్తుంది. తాళి తీయడానికి మనసొప్పకపోతే ఉత్త పసుపుతాడుతో వెళ్ళండి, దానికి అభ్యంతరం ఉండదు. కాపర్-టీ ఉన్నా మామూలుగా ఎంఆర్‌ఐ తీస్తారు, కాకపోతే ముందే చెప్పాలి. డబ్బు సంగతి ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య పథకం పనులు చూసే వైద్యమిత్ర దగ్గర అడగొచ్చు, ఆ మాటల కోసం స్కాన్ ఆపొద్దు.

క్యాజువాలిటీలో ఏం చెప్పాలో తోచకపోతే ఇలా చెప్పండి, లేదా రాసి చేతిలో పెట్టండి: ‘నిన్న సాయంత్రం నుంచి కూర్చునే భాగమంతా మొద్దుబారింది. పొద్దున్నుంచి ఒంటికి రాలేదు, వచ్చినట్టూ తెలియట్లేదు. కడుక్కుంటే నీళ్ళు తెలియట్లేదు.’ ఈ మూడు వాక్యాలు చెబితే చిన్న డ్యూటీ డాక్టరు కూడా పెద్దాయన్ని నిద్రలేపుతాడు.

పరీక్షలో మలద్వారం దగ్గర దూదితో, మొన దేలిన పుల్లతో రాసి చూస్తారు. వేలు పెట్టి ‘బిగించమ్మా’ అంటారు. సిగ్గేస్తుంది, నిజమే. కానీ అక్కడి కండరం బిగుస్తోందా లేదా అన్నది ఎంత అర్జెంటో తేల్చడంలో ఒక ఆధారం. పక్కన ఆడ నర్సు ఉండాలని అడగడం మీ హక్కు, అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

కాన్పు తర్వాత

మొద్దుబారడానికి బహుశా అన్నిటికన్నా మామూలు కారణం ఇదే. బిడ్డ తల దిగేటప్పుడు పుడెండల్ నరం బాగా సాగుతుంది. కాన్పు గంటల తరబడి సాగినా, ఫోర్సెప్స్ (బిడ్డ తల పట్టుకుని లాగే పట్టకారు) వేసినా, బిడ్డ బరువు ఎక్కువున్నా ఇంకా సాగుతుంది. పైగా కింద కోసి కుట్టిన చోట చర్మపు నరాలు తెగుతాయి. సాగిన నరం కొన్ని వారాల నుంచి ఆరు నెలల్లో చాలావరకు కోలుకుంటుంది. తెగిన కొసలు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి, అంటే నెలకి దాదాపు అంగుళం. మధ్యలో చురుకుచురుకుమంటే భయపడకండి, అది పెరుగుతున్న లక్షణమే. కుట్టు మీద రూపాయి బిళ్ళంత జాగా ఎప్పటికీ కాస్త మొద్దుగా ఉండిపోయినా ప్రమాదం లేదు.

సిజేరియన్‌కి నడుంలో ఇచ్చే మత్తు 2 నుంచి 4 గంటల్లో దిగుతుంది. పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి ఆఖరున స్పర్శ వచ్చేది ఈ సీటు భాగానికే. నాలుగు గంటలైనా కాళ్ళు పైకి ఎత్తలేకపోతే, లేదా దిగిన మొద్దు మళ్ళీ ఎక్కితే, నడుంలో కొత్తగా గట్టి నొప్పి వస్తే, వార్డులో డ్యూటీ డాక్టరుని వెంటనే పిలిపించండి. వెన్నులో రక్తం గడ్డకట్టడం అరుదు, కానీ అది కూడా గంటల లెక్కే. ‘మత్తు ఇంకా దిగలేదులే’ అని పొద్దున దాకా ఊరుకుంటే నష్టం.

కాన్పయ్యాక పాలిచ్చే నెలల్లో ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ తగ్గి ఉంటుంది, దాంతో యోని పొడిబారి స్పర్శ మందగిస్తుంది. పాలు మాన్పించాక సర్దుకుంటుంది. ఆరు వారాల చెకప్‌లో బిడ్డ గురించి ఇరవై ప్రశ్నలు అడిగే తల్లి తన గురించి ఒక్కటీ అడగదు. అందుకే డాక్టర్లే అడగాలి, కానీ ఆ రద్దీలో వాళ్ళూ అడగరు. దగ్గినప్పుడు మూత్రం పడటం, గాలి ఆపుకోలేకపోవడం మొద్దుతో పాటు ఉంటే ఆ చెకప్‌లోనే చెప్పండి. పెల్విక్ ఫ్లోర్ (కింద మూత్రాన్నీ మలాన్నీ ఆపే కండరాల) ఫిజియోథెరపీకి పంపుతారు. నెట్‌లో చూసి అందరూ ఆ కండరాల్ని బిగించి వదిలే కీగెల్ వ్యాయామాలు మొదలుపెడతారు గానీ, అక్కడి కండరాలు ఇప్పటికే బిగుసుకుపోయి ఉన్నవాళ్ళకి అవి ఎదురుతిరుగుతాయి. ఒకసారి చూపించుకున్నాకే చేయాలి.

కూర్చునే పనులు, బండి, మిర్చి

గుంటూరు నుంచి విజయవాడకి స్కూటీ మీద రోజూ ముప్పై పైచిలుకు కిలోమీటర్లు వెళ్ళొచ్చేవాళ్ళకి, సన్న సీటున్న సైకిలు తొక్కేవాళ్ళకి, కుట్టుమిషను ముందు పొద్దంతా కూర్చునేవాళ్ళకి ఆ నరం నలిగి తిమ్మిరెక్కుతుంది. లేచి నడిచిన పావుగంటలోనో గంటలోనో దిగిపోతే అది నొక్కు తిమ్మిరి మాత్రమే. సైకిలు సీటు ముక్కు కొంచెం కిందికి వంచడం, మధ్యలో గాడి ఉన్న సీటు మార్చడం, అరగంటకోసారి లేవడం చాలు.

దిగకుండా నెలల తరబడి ఉండి, కూర్చుంటే నొప్పి ఎక్కువై, నిలబడితే తగ్గి, రాత్రి నిద్రలేపకుండా ఉంటే పుడెండల్ నరం ఇరుక్కుందేమో చూడాలి. దీనికో చిత్రమైన గుర్తుంది: కుర్చీలో భరించలేని నొప్పి వెస్టర్న్ కమోడ్ మీద కూర్చుంటే తగ్గుతుంది, అక్కడ మధ్యభాగానికి ఏమీ ఆనదు కాబట్టి. ఇంకో మెలిక. ఈ జబ్బులో మొద్దుబారినట్టు అనిపిస్తుందే గానీ, దూదితో పరీక్షిస్తే స్పర్శ నిజంగా పోయినట్టు సాధారణంగా కనపడదు. నిజంగా పోయి ఉంటే డాక్టరు సొరంగం దగ్గర ఆగకుండా పైకి, నరమూలాల దాకా వెతకాలి. ముక్కీ ముక్కీ దొడ్డికి వెళ్ళే మలబద్ధకం కూడా ఈ నరాన్ని సాగదీస్తుంది. ఆ సంగతి ఎవరూ అడగరు, మీరే చెప్పాలి.

మిర్చి సంగతి మన దగ్గర ప్రత్యేకం. యార్డు చుట్టుపక్కల, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్ళేవాళ్ళు గంటల తరబడి నేల మీద కూర్చుంటారు, దగ్గర్లో మరుగుదొడ్డి లేక నీళ్ళు తాగడం మానేస్తారు. దానికి తోడు చేతికంటిన కారం. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఉత్త నీళ్ళతో చేతులు కడుక్కుని ఒంటికి వెళ్తే అది అక్కడికి చేరుతుంది. ముందు భగ్గుమంటుంది, ఆ మంట చెప్పే నరపు కొసలు అలిసిపోయాక ఆ చోటు మందంగా అనిపిస్తుంది. ఒకట్రెండు రోజుల్లో పోతుంది. చేతికి ముందు కాస్త వంటనూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో కడుక్కుని అప్పుడు వెళ్ళాలి. ఇప్పటికే తగిలి ఉంటే నూనెలో ముంచిన దూదితో బయటి భాగం తుడిచి చల్లనీళ్ళు పోసుకోండి. వేణ్ణీళ్ళు పోస్తే మంట రెట్టింపవుతుంది, వేడికీ కారానికీ స్పందించే తలుపు నరంలో ఒక్కటే.

మందుల పెట్టె తెరిచి చూడండి

కుంగుబాటుకీ ఆందోళనకీ వాడే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లుయోక్సెటిన్, పరాక్సెటిన్ వంటి బిళ్ళల వల్ల జననాంగాల స్పర్శ తగ్గడం తెలిసిన దుష్ఫలితమే. కొందరికి మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. కొద్దిమందిలో బిళ్ళలు ఆపాక కూడా నిలిచిపోవచ్చని 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ మందు కాగితంలో హెచ్చరిక చేర్చమంది. అలాగని ఇవాళే ఆపేయకూడదు. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, నిద్రలేమి, పాత జబ్బు తిరగబెట్టడం జరుగుతాయి. రాసిన డాక్టరుకే చెప్పండి. మోతాదు తగ్గించవచ్చు, వేరే రకానికి మార్చవచ్చు.

మొగుడి జేబులో ఉన్నదీ చూడాలి. ‘ఎక్కువసేపు’ అని అమ్మే కండోమ్‌లలో కొన్నిటి లోపలి కొసన బెంజోకెయిన్ ఉంటుంది, స్ప్రేలలో లిడోకెయిన్ ఉంటుంది. రెండూ పళ్ళ డాక్టర్లు వాడే మత్తు మందులే. కండోమ్ తిరగేసి వేసినా, జారినా, స్ప్రే కొట్టి పది పదిహేను నిమిషాలు ఆగి తుడవకుండా కలిసినా ఆ మత్తు భార్యకి ఎక్కుతుంది. గంట, రెండు గంటల్లో దిగుతుంది. కలిసిన రోజుల్లోనే మొద్దుబారుతోందంటే ముందు పెట్టె మీది చిన్నక్షరాలు చదవండి.

మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే ‘నరాల బలం’ బిళ్ళలది ఇంకో కథ. బీ6 విటమిను ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలను పాడుచేసి స్పర్శ పోగొడుతుంది. మొద్దు తగ్గాలని వాడే బిళ్ళే మొద్దు తెప్పిస్తుందన్నమాట. ప్రిగాబాలిన్ నొప్పిని, చురుకుని తగ్గిస్తుంది గానీ పోయిన స్పర్శ తేదు. కారణం తేలకముందే అది మింగి మగతగా పడుకుంటే అసలు జబ్బు ముదిరేది తెలియదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ పిరుదుకి వేసే ఇంజెక్షన్లు, నడుం తొక్కించుకోవడం, లాగించుకోవడం గురించి చెప్పాలంటే, సీటు భాగం మొద్దుబారిన మనిషి నడుం తొక్కించుకోవడమంత ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు.

షుగరు, ముట్లు ఆగడం, మిగతావి

షుగరు వల్ల మొద్దుబారడం మామూలుగా పాదాల వేళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. పాదాలు బాగుండి కింద మాత్రమే మొద్దుబారితే ‘షుగరుంది కదా, అంతే’ అని సరిపెట్టుకోవద్దు. పరగడుపున 126, లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 6.5 శాతం, ఆ పైన ఉంటే షుగరున్నట్టు. షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి, పూర్తి శాకాహారులకి బీ12 విటమిను తగ్గొచ్చు. మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే ఇంజెక్షన్లతోనో బిళ్ళలతోనో నింపాలి. ఆలస్యమైతే వెన్నుపాము దాకా దెబ్బ పాకుతుంది.

ముట్లు ఆగాక, గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశాక ఈస్ట్రోజెన్ పడిపోయి ఆ చర్మం పల్చబడుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదొకటి కాబట్టి, నలభై నిండకుండానే ఈ స్థితికి వచ్చినవాళ్ళు మన వీధుల్లో తక్కువేం లేరు. ఈస్ట్రియోల్ క్రీము మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు లోపల రాసుకోమంటారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు ముందే చెప్పాలి. బయట తెల్లటి మచ్చలు, విపరీతమైన దురద, పెదవులు కరిగిపోయినట్టుండటం లైకెన్ స్క్లెరోసస్ లక్షణాలు. దానికి వేరే పూత మందు ఉంది, ఏళ్ళ తరబడి గమనించుకుంటూ ఉండాలి.

ఒకపక్క తిమ్మిరెక్కి రెండ్రోజుల్లో నీటిపొక్కులు లేస్తే హెర్పిస్, లేదా సర్పి. మొదటి 72 గంటల్లో మందు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. వీటిలోనూ మూత్రం బిగుసుకుపోవచ్చు, అప్పుడు క్యాజువాలిటీ దారే. ఇంకోవైపు, నడుం కింద మొద్దుతో పాటు ఎప్పుడో ఒక కన్ను వారాల పాటు మసకబారి ఉండటం, రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండల్లో లక్షణాలు పెరిగి నీడపట్టుకి వస్తే తగ్గడం ఉంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడులో, వెన్నుపాములో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) ఉందేమో న్యూరాలజిస్టు చూడాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వెన్నులో ఒకేచోట నొప్పి ఉంటే వెన్ను టీబీ కావచ్చు.

పరీక్షలన్నీ బాగుండి, ఒకరి దగ్గర మాత్రమే, లేదా భయం కలిగినప్పుడు మాత్రమే ఒళ్ళు మొద్దుబారితే అది కూడా నిజమైన మొద్దే. బలవంతానికి గురైన శరీరం తనని తాను మూసుకునే పద్ధతి కావచ్చు అది. 181 మహిళా హెల్ప్‌లైన్, మనసు బాధకి 14416 టెలిమానస్, రెండూ ఉచితం.

సీటు భాగమంతా కాకుండా ఒకచోటే ఉండి, మూత్రంలో తేడా లేకుండా, పెరగకుండా ఉన్న మొద్దుకి వారం రోజుల్లోపు చూపించుకుంటే చాలు. కాన్పు తర్వాతదైతే ఆరు వారాల చెకప్ దాకా ఆగొచ్చు. ఆ కాగితం మీది మ్యాపు మాత్రం వారానికోసారి మళ్ళీ వేయండి. గీత కదిలి పక్కకి పాకినా, ఒకవైపున్నది రెండోవైపుకి వచ్చినా ఆ రోజే వెళ్ళాలి.

స్పర్శ తిరిగొచ్చే దాకా ఆ చోటుని కళ్ళతో కాపాడుకోవాలి, చర్మం చెప్పదు కాబట్టి. స్నానానికి ముందు వేణ్ణీళ్ళని స్పర్శ ఉన్న మోచేత్తో చూసుకోండి. డెట్టాల్ కలిపిన నీళ్ళు అక్కడ వద్దు. మూడు నాలుగు గంటలకోసారి కోరిక లేకపోయినా గడియారం చూసి ఒంటికి వెళ్ళండి. రాత్రి పడుకునే ముందు చేతి అద్దంతో ఒకసారి చూసుకుంటే ఒరుసుకున్న పుండు పెద్దదవకముందే దొరుకుతుంది. కాన్పైనవాళ్ళకి మనవాళ్ళు కాపడం పెట్టే వేడి ఇటుక, వేణ్ణీళ్ళ సంచి ఆ భాగానికి తగలనివ్వకండి. బొబ్బ లేచి, తడి తగిలాక గానీ కాలిందని తెలియదు.